నాయన కారుకు మైనం

సంసారంలో కొన్ని పనులు చూడడానికి చాలా తేలికగా కనిపిస్తాయి. ముగ్గు వెయ్యడం, పిల్లవాడికి తలంటు పొయ్యడం, పెనం మీద దోసె తిప్పడం - పక్కన నిలబడి చూచేవారికి ‘యిదేమంత బ్రహ్మవిద్యా?’ అనిపిస్తుంది. చెయ్యి పెడితేనే గాని అసలు సంగతి తెలియదు. కారుకు మైనం పూయడం కూడా ఆ కోవలోదేనని పోయిన వేసవిలో నాకు తెలిసివచ్చింది.

మా పుట్టిల్లు కలిగిరి. నెల్లూరు జిల్లా అనగానే చాలామందికి పెన్న కాలవలూ, పచ్చని వరిచేలూ గుర్తుకొస్తాయి. మా వైపు వస్తే కనిపించేది వేరు. మాది మెట్ట. యెర్ర దుమ్ము, వేపచెట్లు, వానకోసం నోరు తెరుచుకొని చూచే చెరువులు. ఆ దుమ్ములోనే మా నాయన తన తెల్ల అంబాసడరును యిరవై యేళ్ళకు పైగా బాడుగకు తిప్పాడు. ఉదయగిరి పెళ్ళిళ్ళకు, పెంచలకోన మొక్కుబళ్ళకు, అర్ధరాత్రి పురిటినొప్పులు వస్తే కావలి ఆస్పత్రికి - అన్నిటికీ ఆ బండే. నా పురుటికి నన్ను తీసుకుపోయిందీ అదే. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957లో మొదలై, 2014 మేలో ఆగిపోయిన బండి అది. యిప్పుడు కొత్తది కొందామన్నా దొరకదు.

నాయనకు శుక్లాలు తీసినా, రాత్రిపూట యెదురు లైట్లకు చూపు నిలవడం లేదు. బండి బాడుగలు మానుకొని నాలుగేళ్ళుగా వేపచెట్టు కింద వుంటున్నది. “అమ్మేద్దాం నాయనా” అని హైదరాబాదు నుంచి తమ్ముడు ఫోను మీద ఫోను. అవతల మా అమ్మాయి హాస్టలు ఫీజుకు జూను గడువు. ఆత్మకూరు నుంచి ఒకాయన సోమవారం చూడవస్తానన్నాడు. డెబ్బయివేలకు మాట అయింది, బండి చూచుకున్న మీదట.

ఆదివారం పొద్దున్నే నాయన ఒక చిన్న రేకు డబ్బా, రెండు పాత బనీన్లు పట్టుకొని బయలుదేరాడు. “వాక్సు పెట్టాలమ్మా” అన్నాడు. డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషి వంగి రుద్దుతుంటే చూడలేక, “నువ్వు కూచో, నేను చేస్తా” అని కొంగు బిగించాను. యిల్లు తుడిచిన దాన్ని, యిత్తడి దీపాలు చింతపండుతో తోమిన దాన్ని, కారు నాకొక లెక్కా!

చేతికందిన పొడిగుడ్డ తీసుకొని బానెట్టు మీద దుమ్ము దులపబోయాను. నాయన చెయ్యి పట్టుకున్నాడు. “ఏందమ్మా యిది, గరుక్కాగితంతో రుద్దినట్టు! మన దుమ్ములో పలుగురాతి పొడి వుంటది. గాజునే గీసేస్తది. యింక రంగెంత?” అన్నాడు. నిజమే. రోజూ పొడిగుడ్డతో తుడిచే కార్ల మీద యెండలో సాలెగూళ్ళలాంటి గీతలు మీరు చూచే వుంటారు. అవి అట్లా పడినవే.

కనుక ముందు స్నానం. రెండు బకెట్లు - ఒకదానిలో సబ్బు నీళ్ళు, రెండోదానిలో గుడ్డ జాడించుకొనే మంచినీళ్ళు. పైన టాపు మొదలుపెట్టి కిందికి రావాలి; చక్రాల దగ్గరి మట్టి పైకి పోకూడదు. బట్టల సబ్బు, అంట్ల సబ్బు పనికిరావు. అవి జిడ్డును కోసినట్టే పాత మైనాన్నీ కోసేస్తాయి. తరువాత మెత్తని తువ్వాలుతో తడి బొట్టు లేకుండా అద్దాలి.

ఆరిన బానెట్టును తడిమితే చేతికి చాకుపీసు పొడిలా అంటింది. యెండకు రంగు పైపొర చచ్చి పొడి అవుతుందట. ఆ పొడి మీద మైనం పూస్తే సున్నం రాలే గోడకు మళ్ళీ సున్నం కొట్టినట్టే. కాబట్టి ముందు సన్నరకం పాలిష్‌తో ఆ పొడిని తీశాం. ఆ పనికే పూట సగం గడిచింది.

యిక మైనం. డబ్బాలోంచి నిండా తీసి, పిల్లలకు వెన్న పెట్టినట్టు బానెట్టుకు పట్టించాను. మాటల్లో గమనించలేదు, వేపనీడ జరిగిపోయి అక్కడ యెండ పడుతున్నది. అయిదు నిమిషాలలో మైనం బిగుసుకొని తెల్లని పక్కులు కట్టింది. యెంత రుద్దినా రాదు. నాకు యేడుపొక్కటే తక్కువ.

నాయన నవ్వి, బండిని చెయ్యి వేసి నీడలోకి నెట్టించాడు. రేకు చల్లబడ్డాక, ఆ పక్కుల మీదనే కొంచెం కొత్త మైనం రాసి వెంటనే తుడవమన్నాడు. మైనంలో కలిపిన తైలం పాత పక్కును మెత్తబరుస్తుంది. అట్లాగే వచ్చేసింది! వేడి రేకు మీద ఆ తైలం ఒక్కసారిగా యెగిరిపోతుంది, మైనం మాత్రం మొండికేస్తుంది. అందుకనే రేకు మీద అరచెయ్యి పెడితే చల్లగా తగలాలి, అప్పుడే మొదలుపెట్టాలి.

“దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె యెట్టా రాస్తావు?” అని అడిగాడు నాయన. అంతే, నాకు సర్వం బోధపడింది. కంటికి ఆనీ ఆననంత పలచన. యెక్కువ పూస్తే యెక్కువ మెరుస్తుందనేది భ్రమ. మిగిలినదంతా మళ్ళీ మనమే తుడిచి పారెయ్యాలి. ఒకేసారి బండంతా కాకుండా ఒక తలుపు, తరువాత ఒక మడ్‌గార్డు, యిట్లా ముక్కలుగా చెయ్యాలి. పూసినది మంచు పట్టినట్టు మసకబారేదాకా ఆగాలి. వేలితో గీస్తే గీత శుభ్రంగా వచ్చి, వేలికి జిడ్డు అంటకపోతే తయారైనట్టు. అప్పుడు కుట్లూ గుండీలూ లేని మెత్తటి గుడ్డతో, మడతలు తిప్పుకుంటూ మెరుగు పెట్టాలి. రబ్బరుకూ, నల్ల ప్లాస్టికుకూ తగలనివ్వకూడదు, తెల్ల మచ్చలు పడితే ఒక పట్టాన పోవు.

ఆ డబ్బా మీద ‘కార్నౌబా’ అని వున్నది. నాకున్న తెలుసుకొనే జబ్బుకొద్దీ తరువాత చదివాను. అది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు. అక్కడా మన మెట్టలాగే కరువు నేల. వున్న తడి ఆవిరి కాకుండా ఆ చెట్టు తన ఆకుకు తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, యెండబెట్టి, కొట్టి ఆ మైనం రాలుస్తారు. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరిగిపోతే, యిది 82 దాటితే గాని కరగదు. మన యెండలకు అందుకే ఆగుతుంది. ఆ చెట్టును వెతుక్కుంటూ 1935లో అమెరికా మైనం వ్యాపారి జాన్సన్ నీళ్ళ మీద కూడా దిగగల విమానంలో బ్రెజిల్ వెళ్ళాడు. 1998లో ఆయన కొడుకు, అచ్చం అటువంటి విమానమే కట్టించి, తన కొడుకులతో మళ్ళీ ఆ దారినే వెళ్ళి వచ్చాడు.

కొత్త కార్లున్నవారికి ఒక మాట. యిప్పటి బండ్లకు రంగు పైన అద్దంలాంటి పారదర్శకమైన పూత మరొకటి వుంటుంది. దానికీ మైనం మంచిదే. అయితే గీతలు పోగొడతామని రబ్బింగు కాంపౌండు పెట్టి గట్టిగా రుద్దేవారి చేతిలో మాత్రం బండి పెట్టకండి. అది గీత చుట్టూ వున్న పూతను అరగదీస్తుంది. మళ్ళీ మళ్ళీ అరగదీయడానికి ఆ పూత వెంట్రుక మందమైనా లేదు. మైనం అరగదీసేది కాదు, కప్పేది. రెండు మూడు నెలలకు పోతుంది, మళ్ళీ పూసుకోవాలి, అంతే.

సాయంత్రానికి బండి పాలరాయిలా వున్నది. నా బొట్టు నేను తలుపులో చూచి దిద్దుకున్నాను. అప్పుడే డ్రైవరు వైపు తలుపు అడుగున, రూపాయి బిళ్ళంత మేర రంగు ఉబ్బి కనిపించింది. గోరు పెడితే కింద తుప్పు. గుండె గతుక్కుమన్నది. తమ్ముడికి ఫోను చేశాను. “టింకరింగు షెడ్డులో లప్పం పెట్టించి, రంగు కొట్టించి, పైన వాక్సు పెట్టండక్కా. యెవడికి తెలుస్తుంది?” అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. నాయనతో చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: “వున్న రంగును కాపాడేదానికమ్మా మైనం. తుప్పు మూసేదానికి గాదు. మూసి అమ్మితే, ఆయన ఆ తలుపేసినప్పుడల్లా నన్ను తలుచుకుంటాడు. యిన్నేండ్లూ యీ బండెక్కినోళ్ళెవరూ నన్నట్టా తలుచుకోలేదు.”

నేను మరి మాట్లాడలేదు గాని, రాత్రి నిద్ర పట్టలేదు. మంచితనం నాయనది, ఫీజు కట్టవలసింది నేను గదా అని కోపం వచ్చింది. యీ మాట దాచడం దేనికి?

సోమవారం వచ్చినాయన బండి చుట్టూ తిరిగి ముచ్చటపడిపోయాడు. వెంట భార్య కూడా వచ్చింది. అంతా బాగుందని ఆయన అంటుండగానే నాయన ఆయన చెయ్యి పట్టుకొని తీసుకుపోయి, వంగి, ఆ తుప్పు మీద పెట్టించాడు. ఆయన ముఖం మారింది. మంచి చెడ్డా మాట్లాడుకొని యెనిమిది వేలు తగ్గించారు. నాయన సరే నన్నాడు. పైగా అరగంటసేపు మైనం యెట్లా పూయాలో చెప్పి, మిగిలిన డబ్బా కూడా వారికే యిచ్చాడు. ఆ యిల్లాలు నన్ను పక్కకు పిలిచి, “యెంత పూయాలక్కా?” అని అడిగింది. కోపంగా వున్నదాన్ని, అడిగాక చెప్పకుండా వుండలేకపోయాను. “దోసె పెనానికి నూనె రాసినట్టు” అన్నాను. ఆమె వెంటనే తల వూపింది.

బండి దుమ్ము లేపుకుంటూ కనుమరుగయ్యేదాకా నాయన వేపచెట్టు కిందనే నిలబడ్డాడు. లోపలికి వచ్చి చేతులు కడుక్కొని, “మైనం వాసన పోలేదమ్మా” అన్నాడు.

తక్కువపడ్డ యెనిమిది వేలకూ నేను నెల్లూరు వచ్చి చీటీ పాడుకున్నాను. అందులో నష్టపోయినది యెంతో మా ఆయనకు చెప్పలేదు. అమ్మాయి హాస్టలులో చేరింది.

జూను చివర ఒక రాత్రి నాయన ఫోను చేశాడు. ఆ వేళప్పుడు ఫోను రాగానే కంగారుపడ్డాను. “యేమైంది నాయనా?” అన్నాను.

“యేం గాలేదమ్మా. ఆత్మకూరులో వాన పడిందంట. ఆ అబ్బాయి యిప్పుడే చెప్పినాడు. టాపు మీద బొట్లు తామరాకు మీద నిలబడ్డట్టు నిలబడినాయంట!”