వంతెన మీద కూలీకి కబురు చెప్పేదెవరు?

అమెరికాలోని బాల్టిమోర్ ఓడరేవు ముఖద్వారంలో కొత్త కేబుల్ వంతెన కడుతున్నారు. ప్రధాన స్తంభాల మధ్య దూరం 1,600 అడుగులకు పైనే. నీటికి 230 అడుగుల ఎత్తున రోడ్డు. ఖర్చు 430 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా. ఓడలు గుద్దినా స్తంభాలకు ముప్పు రాకుండా రక్షణ కడతారట. మంచిదే.

కులం, శ్రమ మీద పరిశోధన చేస్తున్న నన్ను తొలిచే ప్రశ్న వేరు.

2024 మార్చి 26 తెల్లవారుజామున ‘డాలీ’ అనే కంటైనర్ ఓడలో కరెంటు పోయింది. అది అదుపు తప్పి పాత వంతెన స్తంభాన్ని గుద్దింది. ముందే హెచ్చరిక అందడంతో పోలీసులు వాహనాలను ఆపేశారు. ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీలకు ఆ కబురు చేరలేదు. ఆరుగురు చనిపోయారు. అందరూ లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవాళ్లే.

ఓడ సిబ్బంది 21 మందిలో 20 మంది భారతీయులు. వాళ్లను గోచీలతో చూపిస్తూ అక్కడ ఒక కార్టూన్ వచ్చింది. మనవాళ్లు మండిపడ్డారు. న్యాయమే. అయితే 2013 చట్టం వద్దన్నా, ఇక్కడ దళితులను మ్యాన్‌హోళ్లలోకి దించుతూనే ఉన్నాం. ఆ చావులకు ఇంత కోపం ఎందుకు రాదు?

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూసిన బాబాసాహెబ్ అంబేడ్కర్, కార్మికుడి క్షేమాన్ని ప్రభుత్వ బాధ్యతగా చూశారు. స్తంభానికి రక్షణ ఒక్కటే చాలదు. పైన పారపట్టిన మనిషికి నేరుగా హెచ్చరిక చేరే ఏర్పాటు కూడా వంతెన డిజైన్‌లో ఉండాలి. బాల్టిమోర్‌లోనైనా, మన దగ్గరైనా.