కంపెనీ కానుక ఉచితం కాదు

మన సరిహద్దు గ్రామాలలో ఎరువులు, విత్తనాలు, సిమెంటు అమ్మే దుకాణదారులకు కంపెనీల నుంచి బహుమతులు అందడం పరిపాటి. అమ్మకాల లక్ష్యం చేరినవారికి బంగారు నాణెం, టీవీ, విహారయాత్ర లభిస్తాయి. ఉచితంగా వచ్చినదానికి పన్నేమిటని చాలామంది భావన. అది సరికాదు.

2005లో కేంద్ర ప్రభుత్వం ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ ప్రవేశపెట్టి, కానుకలు, ఆతిథ్యాల ఖర్చుపై పన్నును ఇచ్చిన కంపెనీ నుంచే వసూలు చేసింది. 2009లో అది రద్దయింది. వ్యాపారం వల్ల కలిగిన ప్రయోజనం పుచ్చుకున్నవారి ఆదాయమేనన్న నియమం అంతకుముందునుంచే ఉన్నా, దానిని పట్టించుకున్నవారు తక్కువ. 2022 జులై 1 నుంచి పరిస్థితి మారింది. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే కంపెనీ ఇచ్చిన ప్రయోజనాల విలువ రూ.20,000 దాటితే, మొత్తంపై 10 శాతం ముందుగానే పన్నుగా జమ కావాలి. రూ.50,000 విలువైన నాణేనికి రూ.5,000 అన్నమాట. ఆ సొమ్ము దుకాణదారు చెల్లించాలి, లేదా కంపెనీ భరించాలి. పాన్ ఇవ్వకుంటే 20 శాతం.

ఇక్కడ కొన్ని భేదాలు గమనించాలి. బిల్లులో తగ్గించే డిస్కౌంటుకు ఈ కోత లేదు. సరుకు గురించి వివరించే డీలర్ల సదస్సు ప్రయోజనం కాదు. అందులో కలిపిన విహారం, వెంట వెళ్లిన కుటుంబసభ్యుల ఖర్చు మాత్రం ప్రయోజనమే. దుకాణదారు దీపావళికి తన ఖాతాదారులకు పంచే మిఠాయి సంగతి వేరు. సొంత పేరున వ్యాపారం చేస్తూ, గత సంవత్సరపు అమ్మకాలు కోటి రూపాయలు మించనివారికి పన్ను కోసే బాధ్యత లేదు. పెళ్లి కానుకలకు ఉన్న మినహాయింపును మాత్రం వ్యాపార బహుమతులకు అన్వయించుకోరాదు.

అసలు నష్టం మరొకచోట ఉంది. ఆ 10 శాతం తుది పన్ను కాదు. మొత్తం ఆదాయం పన్ను పరిమితికి లోబడి ఉంటే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. అయితే రిటర్ను దాఖలు చేసినవారికే. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయని పక్కన పెట్టే చిన్న వ్యాపారి తన సొమ్మునే వదులుకుంటున్నాడు. ఆదాయపు పన్ను కేంద్రానిది కాబట్టి సరిహద్దుకు ఇటైనా అటైనా చట్టం ఒక్కటే. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైటులోని వార్షిక సమాచార పత్రంలో మన పేరిట ఎంత నమోదైందో ఏటా చూసుకోవాలి. ఇంట్లో చదువుకుంటున్న పిల్లలున్నారు. వారిచేత చదివించుకోవడం నామోషీ కాదు.