కరెంటును తూచే గాజు పోగు



నా చిన్నతనంలో మా బామ్మ కొట్లో బెల్లం కొన్నప్పుడల్లా ఒక పని చేసేది. కొట్టతను తూచటం కాగానే, "ఏదీ నాయనా, రాళ్ళు ఇటు పెట్టి బెల్లం అటు పెట్టు," అనేది. పళ్ళేలు మార్చినా ముల్లు నడిమధ్యనే నిలిస్తే తక్కెడ మంచిదన్నమాట. ఒకనాడు నిలవలేదు! బెల్లం పైకి లేచింది. కొట్టతను కాస్త నసిగి, ఇంకో ముక్క వేశాడు.

ఇది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మన పాఠకురాలు ఒక అమ్మాయి ఇలా రాసింది: "మా ఇంటి గోడకు కరెంటు మీటరు ఉంది. ఊరి బయట పెద్ద ఇనుప స్తంభాల మీది తీగెల్లో కరెంటును ఎలా కొలుస్తారు? ఆ కొలత తప్పయితే ఎవరికి తెలుస్తుంది?"

రెండో ప్రశ్న చాలా గట్టిది. కొంచెం లెక్క వేద్దాం. 4 లక్షల వోల్టుల లైను మీద 500 మెగావాట్ల విద్యుచ్ఛక్తి పోతున్నదనుకోండి. లైనుకు మూడు ఫేజులుంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు 720 ఆంపియర్ల కరెంటు ఉంటుంది. మన ఇంట్లో పంకాకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు! ఆ లైను మీటరు వెయ్యికి రెండు వంతులు తక్కువ చూపితే, ఒక్క రోజులో 24,000 యూనిట్లు లెక్కకు రాకుండా పోతాయి. ఎక్కువ చూపితే కొన్నవారికి నష్టం.

ఇంత కరెంటును కొలవటానికి చాలాకాలంగా వాడుతున్నది కరెంటు ట్రాన్స్‌ఫార్మరు. ఇనుప చట్రానికి రాగితీగె చుట్టి, వెయ్యి ఆంపియర్లను ఒక్క ఆంపియరుగా తగ్గించి మీటరుకు పంపుతారు. లక్షల వోల్టుల దగ్గర దాన్ని కాపాడటానికి ఎత్తయిన పింగాణీ గొట్టాలూ, నూనే కావాలి. ఇప్పుడు కొన్నిచోట్ల దీనికి బదులు ఆప్టికల్ ఫైబరును, అంటే వెంట్రుకలాటి గాజు పోగును, తీగె చుట్టూ చుడుతున్నారు. గాజులోగుండా కరెంటు పోదు గదా!

మరి గాజుకు కరెంటు సంగతి ఎలా తెలుస్తుంది? దీని మూలం 1845లో ఉంది. లండనులో మైకేల్ ఫారడే అయస్కాంతం కాంతిని ఏమైనా చేయగలదేమోనని ఎన్నో వస్తువులతో ప్రయత్నించి విఫలుడయ్యాడు. చివరకు తానే చాలా ఏళ్ళ క్రితం తయారుచేసిన, సీసం కలిసిన బరువైన గాజుముక్కను అయస్కాంతం దగ్గర పెట్టి, అందులోగుండా కాంతిని పంపాడు. కాంతి ఊగే దిశ కాస్త పక్కకు తిరిగింది!

కాంతి ఊగటమేమిటి? తాడును కిటికీ నిలువు ఊచల మధ్యగా లాగి పట్టుకుని ఆడించండి. కిందికీ పైకీ ఆడిస్తే అల అవతలికి పోతుంది; పక్కలకు ఆడిస్తే ఊచలు ఆపేస్తాయి. పోలరాయిడ్ కళ్ళద్దాలు కాంతికి అలాటి ఊచలే. ఇంట్లో ఉంటే వాటిలోంచి కాల్‌క్యులేటరు అంకెలను చూస్తూ అద్దాన్ని మెల్లగా తిప్పండి. ఒకచోట అంకెలు మాయమవుతాయి.

కరెంటు పోయే తీగె చుట్టూ అయస్కాంతశక్తి ఉంటుంది. అందుకని తీగెకు చుట్టిన గాజు పోగులో కాంతి దిశ తిరుగుతుంది. ఎంత? వెయ్యి ఆంపియర్లకు, ఒక చుట్టుకు, గడియారం నిమిషాల ముల్లు అరసెకనులో కదిలేటంత! ఇరవై చుట్లు వేస్తే ఇరవై రెట్లు. ఇంత చిన్న మలుపును చూసి "ఇది ఇన్ని ఆంపియర్లు" అని అంకె వేయాలి. దీన్నే కాలిబ్రేషను అంటారు.

నమ్మకమైన ప్రామాణిక ట్రాన్స్‌ఫార్మరులోగుండా పోయిన తీగెనే గాజు పోగు చుట్టలోగుండా కూడా పోనిస్తారు. రెండూ చెప్పే అంకెలు సరిచూస్తారు. ఒక్కచోట కలిస్తే చాలదు. అది కొలవవలసిన పూర్తి కరెంటులో నూటికి 5 వంతుల దగ్గరా, 20, 100, 120 వంతుల దగ్గరా చూడాలి.

అయితే ప్రయోగశాలలో 3,000 ఆంపియర్లు ఎక్కడినుంచి తెస్తారు? ఇక్కడ ఒక చమత్కారం ఉంది. ఒకే తీగెను చుట్టలోగుండా వందసార్లు తిప్పి, అందులో 30 ఆంపియర్లు పంపుతారు. గాజు పోగు తనలోగుండా పోయిన తీగెలన్నిటినీ కలిపి లెక్క వేసుకుంటుంది. ముప్ఫయి వందలు మూడువేలు! తర్వాత తీగెను చుట్ట బయట, పక్కనే పెట్టి కరెంటు పంపుతారు. అప్పుడు సున్న చూపాలి. చూపకపోతే పక్క లైను కరెంటును కూడా తన లెక్కలో వేసుకుంటున్నదన్నమాట. మా బామ్మకు ఈ పరీక్ష బాగా నచ్చేది.

అన్నిటికంటె చిక్కు వేడితో. పది డిగ్రీల వేడి పెరిగితే గాజులో మలుపు వెయ్యికి 0.7 వంతు పెరుగుతుంది. లంబసింగి చలిలో సరిగా తూగిన పోగు, రెంటచింతల ఎండలో, ముప్ఫయి డిగ్రీల తేడాకే, వెయ్యికి రెండు వంతులు ఎక్కువ చెబుతుంది. మన 24,000 యూనిట్ల తప్పు ఇదే! అందుకని పోగును చలిపెట్టెలోనూ, వేడిపెట్టెలోనూ పెట్టి చూస్తారు. పోగు చివర అతికే మరో పోగుముక్కను, వేడికి అది చేసే తప్పు ఎదురు దిక్కుగా ఉండేటట్టు కొలిచి కోస్తారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఇంతకూ, ఆ ప్రామాణిక ట్రాన్స్‌ఫార్మరు నిజమే చెబుతున్నదని ఏమిటి నమ్మకం? దాన్ని అంతకంటె మేలైన దానితో తూస్తారు. దాన్ని మరోదానితో. మన దేశంలో ఈ గొలుసు కొస కొత్త ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంటుంది. కనుక అమ్మాయీ, తప్పు తెలుసుకునే వాళ్ళు ఉన్నారు. నువ్వు మాత్రం ఆ ఇనుప స్తంభాల దగ్గరికి వెళ్ళి చూడబోకు!