ఫార్మాట్ కొట్టే ముందు...

ప్రొద్దుటూరులో ఓ ఇల్లు. హాల్లో ఓ మూలన కంప్యూటర్. అందులో అమ్మాయి పెళ్లి ఫొటోలు, తండ్రి పనిచేసే బట్టల అంగడి లెక్కలు, తాత పట్టుబట్టి అను ఫాంట్లలో టైపు చేయించుకున్న వంశవృక్షం. పులివెందులలో ఇంజినీరింగు చదివే కొడుకు ఆదివారం ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. కాసేపటికి ఫోల్డర్లు మాయం! పెన్‌డ్రైవ్‌లోవే కాదు, డి డ్రైవ్‌లోవి కూడా. వాటి స్థానంలో అవే పేర్లతో, మూలన చిన్న బాణం గుర్తుతో షార్ట్‌కట్‌లు మిగిలాయి.

రిపేరు కుర్రాడు వచ్చాడు. చూశాడు. ‘‘ఫార్మాట్ కొట్టేద్దామా అన్నా? గంట పని’’ అన్నాడు.

‘‘కొట్టెయ్ అబ్బీ, బాగయితే చాలు’’ అన్నాడు తండ్రి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. వైరస్ ఆ ఫొటోలను ముట్టుకోలేదు. దాచిందంతే. ఫార్మాట్ మాత్రం నిజంగానే పోగొడుతుంది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. 2010 ప్రాంతంలో కంప్యూటరున్న ప్రతి వీధిలోనూ జరిగిందే. ఆ పెన్‌డ్రైవ్ వచ్చిన దారి వెనక్కి పట్టుకుంటే సంగతి తెలుస్తుంది. అబ్బాయి పులివెందులలో బస్సెక్కి, ముద్దనూరు మీదుగా జమ్మలమడుగులో దిగాడు. అక్కడ మేనమామకు జిరాక్సు అంగడి ఉంది. ‘‘మామా, ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు తీసియ్యి’’ అని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. జిరాక్సు అంగడి కంప్యూటరంటే మంగలి షాపులో తువ్వాలు లాంటిది. ఊళ్లో వాళ్లందరి పెన్‌డ్రైవులూ దానికే గుచ్చుతారు. ఒకటి తెచ్చిన జబ్బు సాయంత్రానికి పదింటికి అంటుకుంటుంది. మామ తప్పేమీ లేదు, అల్లుడి తప్పూ లేదు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రాం దానంతటదే నడిచే ‘ఆటోరన్’ సదుపాయాన్ని 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ, విస్టాలకు అప్‌డేట్ పంపి కట్టడి చేసింది. అప్పటి నుంచి ఈ జాతి వైరస్‌లకు మనిషి చేత నొక్కించుకోవడమే దారి అయింది. షార్ట్‌కట్ చేసేది అదే. ఫోల్డర్ అనుకుని నొక్కితే వైరస్ నడుస్తుంది, వెనకే అసలు ఫోల్డరూ తెరుచుకుంటుంది. అనుమానమే రాదు! అసలు ఫోల్డర్లకు ‘హిడెన్’, ‘సిస్టమ్’ అనే రెండు ముద్రలు వేసి కనబడకుండా చేస్తుంది. అందుకే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘షో హిడెన్ ఫైల్స్’ ఒక్కటి పెడితే చాలదు. దాని కిందనే ఉండే ‘హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ టిక్కు కూడా తీసేయాలి. పోయాయనుకున్నవి లేతరంగులో ప్రత్యక్షమవుతాయి.

కనబడ్డాయి కదా అని అక్కడే కాపీ మొదలెట్టకూడదు. మొదట నెట్ కేబుల్ పీకాలి, లేదా వైఫై ఆపాలి. తర్వాత జబ్బు లేని మరో కంప్యూటర్‌లో ఉబుంటు లాంటి లినక్స్‌ను ఓ ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఇది ఉచితం. జబ్బు పడ్డ కంప్యూటర్‌ను దాంతోనే ఆన్ చేస్తే విండోస్ నిద్ర లేవదు. విండోస్ లేవకపోతే అందులోని వైరస్సూ లేవదు. పైగా లినక్స్‌కు విండోస్ దాపరికం పట్టదు, దాచినవన్నీ చూపిస్తుంది. (కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉండొచ్చు. దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోకపోతే ఇక్కడే ఆగిపోవాల్సి వస్తుంది.)

ఇప్పుడు ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, లెక్కల ఫైళ్లు బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. డెస్క్‌టాప్ మీదవి, డౌన్‌లోడ్స్‌లోవి చాలామంది మరిచిపోతారు. పేజ్‌మేకర్ ఫైళ్లు, ట్యాలీ డేటా ఫోల్డర్ అంతకన్నా ఎక్కువగా మరిచిపోతారు. సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్లు, షార్ట్‌కట్‌లు, ఎక్కడివో తెలియని స్క్రిప్టులు మాత్రం వద్దు. శాలిటీ, రామ్నిట్ లాంటివి ప్రోగ్రాం ఫైళ్లలోకే దూరి కూర్చునేవి. వాటిని దాచుకోవడమంటే తేలును మూటగట్టుకోవడమే. కాపీ అయిన డిస్కును మరో కంప్యూటర్‌లో కొత్త అప్‌డేట్లున్న యాంటీవైరస్‌తో స్కాన్ చేసి, నాలుగైదు ఫొటోలు తెరిచి చూసుకోవాలి. ఆ తర్వాత ఫార్మాట్ కొట్టమనండి, నిక్షేపంగా! కుర్రాడి వైద్యం తప్పు కాదు, వరస తప్పు.

ముందే కొట్టేసి ఉంటే? ఆ డిస్కును వెంటనే ఆపేయాలి. క్విక్ ఫార్మాట్ పట్టికను చెరిపేస్తుంది గానీ ఫైళ్లన్నింటినీ తుడవదు. వాటి మీద కొత్తవి రాసిన కొద్దీ పోతాయి. మళ్లీ విండోస్, మళ్లీ సినిమాలు ఎక్కించాక రికవరీ సాఫ్ట్‌వేర్లు చేసేది తక్కువే.

తాళం వేసే రాన్సమ్‌వేర్ సంగతి వేరు. 2017 మే 12న ‘వన్నాక్రై’ 300 డాలర్లు అడుగుతూ ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు. ఇళ్లలో ఎక్కువ ఏడిపించింది క్రాక్ సాఫ్ట్‌వేర్ల వెంట వచ్చే ‘స్టాప్’ అనే రకం. దానికి 2019 అక్టోబరులో ఎమ్‌సిసాఫ్ట్ సంస్థ ఉచిత విరుగుడు విడుదల చేసింది. 148 రకాలకు అది పనికొచ్చింది. ‘ఎందుకూ పనికిరావు’ అని అప్పటికే ఫైళ్లు చెరిపేసుకున్నవాళ్లకు ఆ విరుగుడు వల్ల లాభమేంటి? అందుకే తాళం పడిన ఫైళ్లను కూడా ఓ డిస్కులో అలాగే ఉంచాలి. యూరోపోల్ తదితరులు 2016లో మొదలెట్టిన ‘నో మోర్ రాన్సమ్’లో విరుగుళ్లు దొరుకుతాయి. మన దేశంలో సెర్ట్-ఇన్ 2017లో తెచ్చిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉంది. అది అందించిన ఉచిత పరికరాల్లో పెన్‌డ్రైవ్‌లను కట్టడి చేసే ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ హైదరాబాద్ సీడాక్‌లో తయారైందే.

కంప్యూటర్ శుభ్రపడ్డాక మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చాలి. అనుమానం ఉంటే అంతవరకూ ఆగక్కర్లేదు, వేరే ఫోన్ నుంచి అప్పుడే మార్చేయొచ్చు.

అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ తోటి ఫొటోగ్రాఫర్లకు ఓ లెక్క చెప్పాడు. మూడు కాపీలు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి, ఒకటి మరో చోట ఉండాలి. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉంచే హార్డ్‌డిస్కు ఈ లెక్కలోకి రాదు. రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.

ప్రొద్దుటూరు ఇంట్లో పెళ్లి ఫొటోలు డీవీడీల్లో ఓ సెట్టు అయ్యాయి, హార్డ్‌డిస్కులో ఓ సెట్టు. ఆ హార్డ్‌డిస్కు ఇప్పుడు జమ్మలమడుగులో, మామ బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. అంగడికి మాత్రం తీసుకుపోవద్దని మామకు గట్టిగా చెప్పారు.