కేబులుకు పట్టికలో ఒక బలము, పొలములో ఒక బలము

మోటారు కొనునపుడు రైతు సోదరులు పదిమందిని విచారింతురు. దానికి కరెంటు నందించు కేబులును మాత్రము దుకాణదారు చూపిన పట్టికలోని ఒక్క అంకెను నమ్మి తెచ్చుకొందురు. ఈ అలవాటు మానవలెనని నా అభిప్రాయము.

కరెంటు ప్రవహించునపుడు కేబులులో వేడి పుట్టును. ఆ వేడి చుట్టునున్న గాలిలోనికో, నేలలోనికో పోవలెను. సాధారణ పి.వి.సి. కేబులు 70 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడిని ఓర్వదు. గాలి వేడి 40 డిగ్రీలు, నేల వేడి 30 డిగ్రీలు ఉండునని తలచి, మన దేశపు ప్రమాణమైన ఐ.యస్. 3961 ఈ ఆంపియర్లను నిర్ణయించినది. పి.గన్నవరం ప్రాంతమున వేసవి మధ్యాహ్నము ఎండకు కాగిన గొట్టములో 40 డిగ్రీలే యుండునా?

ఒక లెక్క చూతము. ఏటిగట్టు ప్రక్కన నలుగురు రైతుల మోటార్ల కేబుళ్లు ఒకే గొట్టములో పోవుచున్నవనుకొందము. పట్టికలో ఒక్కొక్క దాని బలము 24 ఆంపియర్లు. గొట్టములో వేడి 50 డిగ్రీలైనచో ఆ అంకెను సుమారు 0.82తోను, నాలుగు కలిసియున్నందుకు 0.65తోను గుణింపవలెను. మిగులునది 13 ఆంపియర్లకు లోపే. 10 అశ్వశక్తుల త్రీఫేజు మోటారు నిండుగా పనిచేయునపుడు సుమారు 14 ఆంపియర్లు తీసికొనును. వోల్టేజి తగ్గినచో ఇంకను ఎక్కువ లాగును.

ఇట్టి కేబులు వెంటనే కాలిపోదు. దాని తొడుగు ఏటికేడు గట్టిపడి పగులును. వరద తీసిన పిదప తడినేలలో ఆ పగులుపై కాలు పడినచో ప్రాణమే పోవచ్చును.

లావు కేబులుకు డబ్బెక్కడిదని కొందరడుగుదురు. పెక్కుచోట్ల అంత అవసరము రాదు. కేబుళ్లను విడదీసి, ఎడముగా, నీడపట్టున నడిపించినచో పోయిన బలము చాలవరకు తిరిగివచ్చును. కొబ్బరి డొక్కల పోగు క్రిందుగా పోనీయరాదు. మిగిలిన కేబులును చుట్టగా ఉంచి వాడరాదు. పాతిపెట్టునపుడు నేలను చూడవలెను: తడి ఒండ్రు వేడిని పోనిచ్చును, లంకల పొడి ఇసుక పోనీయదు. ఫ్యూజు ఈ తగ్గిన బలమునకు మించరాదు; అది మాటిమాటికి పోవుచున్నదని లావు తీగె చుట్టుట ప్రమాదము. దూరము ఎక్కువైనచో వోల్టేజి నష్టమును వేరుగా లెక్కింపవలెను. ఈ మార్పులన్నియు సరఫరా నిలిపి, లైసెన్సుగల వైర్‌మన్ చేతనే చేయించవలెను.

గ్రామాధికారులకొక మనవి. పంపుసెట్ల అంచనాలలో కేబులు సైజు ప్రక్కనే అది ఎండలో పోవునా, నేలలోనా, ఎన్నింటితో కలిసి పోవునా అని వ్రాయించుడు. ఈ రెండు పంక్తులకు ఖర్చు లేదు. ఇవి లేని అంచనా నా దృష్టిలో అంచనాయే కాదు.