వసంతం దాకా ఆగితే తుప్పు ఆగదు

మంచు కురిసే ఊళ్లలో కారున్నవాళ్లకు తరచూ వినబడే సలహా ఒకటుంది: చలికాలంలో కారు కడగొద్దు. కడిగితే నీళ్లు గడ్డకట్టి తలుపులు అతుక్కుపోతాయి, పెయింటు పాడవుతుంది, ఇవాళ కడిగినా రేపటికి మళ్లీ మురికే, కాబట్టి మంచు కరిగాక ఏప్రిల్‌లో ఒక్కసారి శుభ్రంగా కడిగిస్తే సరిపోతుందని దాని సారాంశం. న్యూజెర్సీ, మిషిగన్, ఇల్లినాయ్, ఒంటారియోల్లో స్థిరపడిన మన కుటుంబాల్లో కూడా ఈ మాటను వివేకంగానే తీసుకుంటున్నారు. మంచు ఎరగని నేల నుంచి వెళ్లినవాళ్లు అక్కడి అలవాటును నమ్మడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఈ సలహా తప్పు. డబ్బు నష్టంతో పోయే తప్పు కూడా కాదు, ప్రాణాల మీదికి తెచ్చే తప్పు. కారు కడగడమంటే మెరుపు కోసం చేసే పని అనుకోవడంలోనే దీని మూలం ఉంది. చలికాలంలో కారు కడిగేది అందం కోసం కాదు, ఇనుముకు అంటుకున్న ఉప్పును వదిలించడం కోసం. ఉప్పు ఎన్ని రోజులు అంటుకుని ఉంటే అంత నష్టం. నాలుగు నెలలు ఆగమనే సలహా ఆ ఉప్పుకు నాలుగు నెలల గడువు ఇస్తుంది.

అమెరికాలో మంచును కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లడం 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో మొదలైంది. ఇప్పుడు ఆ దేశం ఏటా సుమారు రెండు కోట్ల టన్నుల ఉప్పును రోడ్ల మీద పోస్తోంది. అందులో ఎక్కువ భాగం మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడే. చలి మరీ ఎక్కువైన చోట కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలను కూడా పిచికారీ చేస్తారు. టైర్లు ఎగజిమ్మిన ఈ ఉప్పునీరు కారు అడుగుకు, చక్రాల గూళ్లలోకి, తలుపుల కింది అంచుల మడతల్లోకి చేరుతుంది. ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ప్రాణవాయువు ఉంటే చాలు. ఉప్పు కలిస్తే ఆ నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహించి చర్య వేగం పుంజుకుంటుంది. పైగా లోహం మీద సహజంగా ఏర్పడే రక్షణ పొరను క్లోరైడ్ ఛేదించి, పైకి కనబడని చిన్న గుంటలు తవ్వుకుంటూ లోపలికి పోతుంది. ఆవకాయ జాడీలో ఇనుప గరిటె ఉంచకూడదని తెలుగిళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ జ్ఞానాన్ని కారు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోవాలి?

కడగొద్దనేవాళ్ల వాదనల్లో అన్నిటికంటే గట్టిది రసాయన శాస్త్రాన్నే ఆసరా చేసుకుంటుంది. చలిలో రసాయన చర్యలు మందగిస్తాయి కాబట్టి చలికాలమంతా తుప్పు నిద్రపోతుంది, నీళ్లు పోసి దాన్ని లేపడం దేనికని అడుగుతారు. ఇందులో సగం నిజముంది. ఉష్ణోగ్రత తగ్గితే తుప్పు నెమ్మదించే మాట వాస్తవం. విన్నిపెగ్ లాంటి చోట వారాల తరబడి సున్నాకు ఇరవై డిగ్రీలు కింద ఉన్నప్పుడు కడగడం వాయిదా వేసినా పెద్ద నష్టం లేదు. అయితే మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, షికాగో, టొరంటోల చలికాలం అలా గడ్డకట్టి ఉండిపోదు. ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఊగుతుంటుంది. మామూలు ఉప్పు ద్రావణం తగిన గాఢతలో ఉంటే మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు. అంటే ఊళ్లో చెరువు గడ్డకట్టిన రోజున కూడా కారు కింద ఉప్పునీరు ద్రవంగానే ఉండి తన పని తాను చేసుకుపోతుంది. మెగ్నీషియం క్లోరైడ్ మరీ మొండిది. గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, ఆ తేమను పీల్చుకుని తనే చెమ్మగిల్లుతుంది. రోడ్డు పొడిగా కనబడినా దాని పూత తడిగానే ఉంటుంది. పైగా ఈ వాదన చేసేవాళ్లు చాలామంది ఆ ఉప్పు కారునే రాత్రి తెచ్చి ఇంటికి ఆనుకున్న వెచ్చని గ్యారేజీలో పెడతారు. మంచు కరిగి, ఉప్పునీరు ప్రతి సందులోకీ ఇంకి, వెచ్చదనానికి చర్య పుంజుకునేది అక్కడే. చలి తుప్పును ఆపుతుందనే నమ్మకాన్ని వాళ్ల గ్యారేజీయే రోజూ తోసిపుచ్చుతోంది. పోనీ ఏప్రిల్ దాకా నిజంగానే నిద్రపోయిందనుకుందాం. ఎండ ముదిరేసరికి కారు నిండా ఉప్పు సిద్ధంగా ఉండడం ఎవరికి మేలు?

రెండో వాదన: ఈ కాలపు కార్లకు జింకు పూత ఉంటుంది, తుప్పు భయం పాతకాలం నాటిది. బాడీ రేకుల విషయంలో ఇది చాలావరకు నిజం. అయితే జింకు ఇనుమును కాపాడేది తను కరిగిపోతూనే. ఉప్పు ఎంతసేపు ఉంటే అది అంత త్వరగా ఖర్చవుతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం, ఆ పూత బాడీకి ఉన్నంత మాత్రాన కారు కిందున్న ప్రతి భాగానికీ ఉంటుందన్న హామీ లేదు. బ్రేక్ ద్రవం ప్రవహించే సన్నని ఉక్కు గొట్టాలు, ఇంధన గొట్టాలు, ఛాసిస్, సస్పెన్షన్ భాగాలు ఉండేది అక్కడే. 1999 నుంచి 2003 మధ్య నమూనాలకు చెందిన సుమారు 50 లక్షల జనరల్ మోటార్స్ పికప్‌లు, ఎస్‌యూవీలలో బ్రేక్ గొట్టాలు తుప్పు పట్టి పగలడం మీద అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ విచారణ జరిపి 2015లో ముగించింది. ఇది ఒక్క కంపెనీ లోపం కాదని, ఉప్పు వాడే రాష్ట్రాల్లో ఆ వయసున్న ఇతర కంపెనీల బండ్లలోనూ ఇదే జరుగుతోందని తేల్చింది. ఆ సందర్భంగానే వాహనదారులకు ఒక హెచ్చరిక జారీ చేసింది. చలికాలం పొడవునా కారు అడుగు భాగాన్ని కడుగుతూ ఉండమని అందులో స్పష్టంగా చెప్పింది. తర్వాతి ఏడాది, ఛాసిస్ తుప్పు వివాదంలో దాదాపు 15 లక్షల బండ్లకు సంబంధించి టొయోటా పెద్ద రాజీకి ఒప్పుకోవలసి వచ్చింది. కంపెనీల బాధ్యత కంపెనీలది. దాన్ని తప్పకుండా అడగాలి. అడిగే హక్కు ఉంది కదా అని మన చేతిలో ఉన్న పనిని మానుకోవడం మాత్రం తెలివి కాదు. బ్రేకు రెండు భాగాలుగా పనిచేస్తుంది కాబట్టి ఒక గొట్టం పగిలినా రెండోది మిగులుతుంది. కానీ బండి ఆగే దూరం బాగా పెరుగుతుంది. ఎదురుగా పిల్లలు రోడ్డు దాటుతున్నప్పుడు ఆ దూరం విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

గడ్డకట్టడం గురించిన భయాన్ని కొట్టిపారేయను. అది నిజమైన ఇబ్బందే. అయితే దాని పరిష్కారం కడగడం మానడం కాదు, వేళ చూసి వరస తప్పకుండా కడగడం. ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజున, మధ్యాహ్నం పూట కడగాలి. రాత్రి గడ్డకట్టేలోగా ఆరడానికి సమయం దొరుకుతుంది. అలాంటి రోజు రాకపోతే లోపల వేడి ఉండే కార్ వాష్‌కు వెళ్లాలి. ముందు వట్టి నీళ్ల ధారతో చక్రాల గూళ్లు, తలుపుల కింది అంచులు, అడుగు భాగం కడగాలి. అసలు పని ఇదే. సబ్బు, మెరుపు ఆ తర్వాతి సంగతి. ప్రెషర్ గొట్టాన్ని అడుగు దూరంలో ఉంచాలి. వైర్ల కీళ్ల మీద, రేడియేటర్ మీద నేరుగా కొట్టకూడదు. మరిగే నీళ్లు అసలు వాడకూడదు, చల్లని అద్దం మీద పడితే పగిలిపోవచ్చు. కడిగాక నాలుగు తలుపులూ, డిక్కీ తెరిచి రబ్బరు బీడింగ్‌ను పొడిగుడ్డతో తుడవాలి. సీజను మొదట్లోనే బీడింగ్‌కు సిలికాన్ రాసి ఉంచితే అతుక్కునే బాధ చాలావరకు తప్పుతుంది. తాళం రంధ్రాన్నీ, ట్యాంకు మూతనూ, ఎలక్ట్రిక్ కారైతే ఛార్జింగ్ మూతనూ మరవకుండా ఆరబెట్టాలి. బయలుదేరాక ఖాళీ చోట రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు నొక్కితే డిస్కులు ఆరతాయి. ఆ రాత్రి సమతలమైన చోట గేరును పార్క్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయకుండా వదిలితే అది గడ్డకట్టి బిగుసుకోదు. ఇంత చిన్న క్రమశిక్షణతో తప్పే కష్టానికి భయపడి, ఏ తుడుపుకూ లొంగని తుప్పును తెచ్చుకోవడం ఎలాంటి లెక్క?

రేపు మళ్లీ మురికవుతుంది కదా అనే మాట మురికినీ ఉప్పునీ ఒకే గాటన కట్టేస్తుంది. మురికి కంటికి కనబడే సంగతి, మళ్లీ వస్తే మళ్లీ పోతుంది. ఉప్పు చేసే నష్టం రోజురోజుకూ పోగుపడేది, సరిదిద్దలేనిది. పది పదిహేను రోజులకోసారి, ముఖ్యంగా తుఫాను వెలిసి రోడ్లు ఆరాక కడిగితే, ఉప్పు లోహాన్ని అంటుకుని ఉండే మొత్తం కాలం బాగా తగ్గుతుంది. బ్రష్షుల వల్ల గీతలు పడతాయనేవాళ్లకు బ్రష్షు తగలని టచ్‌లెస్ వాష్ ఉంది. వాడిన నీళ్లనే శుద్ధి చేసి మళ్లీ వాడతారు కదా, అందులో ఉప్పు ఉండదా అన్న అనుమానం న్యాయమైనదే. చివరి విడత మంచినీళ్లతో కడిగే చోటు ఏదో అడిగి తెలుసుకోవచ్చు. ఏమైనా ఆ నీటిలోని ఉప్పు రోడ్డు మీది గాఢ ద్రావణంతో పోలిస్తే చాలా పలుచన.

పర్యావరణం పేరుతో వచ్చే అభ్యంతరాన్ని గౌరవంగా వినాలి. మంచినీటి జీవులకు దీర్ఘకాలంలో హాని కలగకుండా క్లోరైడ్ లీటరుకు 230 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా పర్యావరణ సంస్థ 1988లోనే చెప్పింది. రోడ్ల ఉప్పు వల్ల చాలా వాగుల్లో అది మించుతోంది. కానీ కారు మీది ఉప్పు కడిగినా, కడగకపోయినా, నేడో రేపో రాలి ఆ నేలలోకే పోతుంది. కారును మురికిగా ఉంచినంత మాత్రాన వాగుకు చేరే ఉప్పు తగ్గదు. తగ్గాలంటే రోడ్ల మీద పోసేది తగ్గాలి, అది స్థానిక ప్రభుత్వాలను అడగవలసిన విషయం. మనం చేయగలిగింది ఇంటి ముందు కడగకుండా కార్ వాష్‌కు వెళ్లడం. ఇంటి ముందు పోసిన సబ్బునీళ్లు, నూనె జిడ్డు వాన కాలువల గుండా చాలా ఊళ్లలో నేరుగా వాగులోకి పోతాయి. కార్ వాష్ నీళ్లు మామూలుగా మురుగుశుద్ధి కేంద్రానికి వెళతాయి.

ఇక మిగిలింది పైకి అనకపోయినా చాలామంది మనసులో ఉండే లెక్క: మూడేళ్ల లీజు కారు, ఎలాగూ తిరిగి ఇచ్చేస్తాం, మనకెందుకు? ఆ కారు అక్కడితో మాయమైపోదు. చేతులు మారి, ధర తగ్గి, చివరికి కొత్త కారు కొనలేనివాళ్ల దగ్గరికి చేరుతుంది. మన ఊళ్ల నుంచి చదువుకోవడానికి వెళ్లి, ఉన్న కొద్ది డాలర్లతో పదేళ్ల పాత కారు కొనుక్కునే విద్యార్థులు వాళ్లలో ఉన్నారు. బయటి పెయింటు చూసి కొనే ఆ పిల్లలకు అడుగున బ్రేక్ గొట్టం ఎంత పలచబడిందో తెలియదు. దాని మొదటి మూడు చలికాలాల్లో ఎవరైనా పది నిమిషాలు కేటాయించి నీళ్ల ధార కొట్టారా లేదా అన్నదాని మీద వాళ్ల భద్రత కొంతైనా ఆధారపడి ఉంటుంది. కాబట్టి చలికాలంలో కారు కడగొద్దనే సలహాను వివేకం పేరుతో ఇంకొకరికి అందించడం మానేద్దాం. కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: ఉప్పు చల్లే నెలల్లోనే కడగండి, ఎండ ఉన్న పూట చూసుకుని, ముందు అడుగు భాగం కడగండి.