పరలోకం చచ్చాకేనా?

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఏ మాలపల్లెకు, ఏ మాదిగపల్లెకు పోయినా ఆదివారం పూట మైకులో వినపడే మాట పరలోకం. మనోళ్లు చనిపోతే ప్రభువునందు నిద్రించారంటాం. సమాధి మీద అదే రాయిస్తాం. మరి ఈ పరలోకం ఏమిటి? నిత్యజీవం ఎప్పుడు మొదలవుతుంది? ఇది పాస్టర్లకే వదిలేసే ప్రశ్న కాదు. మన జనంలో చాలామంది చర్చికి పోయేవాళ్లే కాబట్టి దళిత ఉద్యమం కూడా తేల్చుకోవాల్సిన ప్రశ్న.

కొందరు బోధకులు ‘ఇక్కడ ఓర్చుకోండి, అక్కడ అన్నీ ఉంటాయి’ అంటున్నారు. ఉద్యమంలో కొందరు కుర్రాళ్లు ‘పరలోకం ఒట్టి మత్తుమందు’ అని కొట్టిపారేస్తున్నారు. ఇద్దరూ మన తాతముత్తాతల్ని తెలివితక్కువ వాళ్లని అనుకుంటున్నారు.

వాళ్లు అసలు ఏం విన్నారో చూద్దాం. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల చేరి పల్నాడులో పనిచేశారు. అప్పటిదాకా మనకు నేర్పిన పాఠం ఏమిటి? పోయిన జన్మలో పాపం చేశావు గనక అంటరానివాడివై పుట్టావు. ఈ జన్మలో నోరు మూసుకుని చాకిరీ చేస్తే వచ్చే జన్మలో మంచి కులంలో పుడతావు. చేసిన పాపం గుర్తుండదు, శిక్ష మాత్రం తప్పదు! క్రైస్తవం వచ్చి చెప్పింది వేరు. మనిషికి ఒకటే పుట్టుక, ఒకటే చావు, ఆ తర్వాత తీర్పు. పోయిన జన్మే లేనప్పుడు ఆ జన్మ పాపం ఎక్కడిది? పాపం ఉందంటే కరణానికీ ఉంది, మునసబుకీ ఉంది, వెట్టివాడికీ ఉంది. తీర్పు దగ్గర కులం అడగరు. ఈ మాట చెవిన పడ్డవాడు తలెత్తి చూశాడు. అదీ మనోళ్లు విన్న పరలోకం.

‘నూకలకీ పాలపొడికీ మతం మారారు’ అని ఎగతాళి చేసేవాళ్లు ఒంగోలు చరిత్ర చదవాలి. 1876-78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మనోళ్లకు కూలి ఇప్పించారు. ఆ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. మళ్లీ మొదలుపెట్టాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకుముందే, 1866లో బాప్తిస్మం పొందిన మాదిగ ఎర్రగుంట్ల పేరయ్య ఊరూరా తిరిగి ఈ మాట చెప్పారు. పల్లెపల్లెకూ దీన్ని మోసినవి మనోళ్ల కాళ్లే.

ఇక బైబిలు సంగతి. ఏసు నేర్పిన ప్రార్థనకు మన తెలుగులో పరలోక ప్రార్థన అని పేరు. అందులో అడిగేదేమిటి? దేవుని చిత్తం పరలోకంలో ఎట్లా జరుగుతుందో భూమ్మీద అట్లాగే జరగాలని. ఈ రోజుకు కూడు కావాలని. అప్పులు మాఫీ కావాలని. అన్నీ ఇక్కడి సంగతులే! యోహాను సువార్త ప్రకారం దేవుణ్ణి ఎరగడమే నిత్యజీవం. అంటే అది బతికుండగానే మొదలవుతుంది. ప్రకటన గ్రంథం చివర్లో మనుషులు పైకి ఎగిరిపోవడం లేదు, దేవుని పట్టణమే కిందికి దిగుతోంది. ఇంకొక మాట. క్రైస్తవ విశ్వాసంలో ఆత్మ ఒక్కటే మిగలదు, శరీరం కూడా లేస్తుంది. ముట్టుకుంటే మైల అన్న ఈ శరీరమే లేస్తుంది. దాన్ని చావగొడుతుంటే చూస్తూ ఊరుకోమని ఏ వాక్యం చెబుతుంది?

పల్నాడుకు ఇది కొత్త కాదు. కారెంపూడిలో ఏటా కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. దొరల తగువులో చచ్చినవాళ్లకు వీరస్వర్గం అన్నారు. అదే పల్నాటి కథలో బ్రహ్మనాయుడి చాపకూడు ఉంది, మాల కన్నమదాసు ఉన్నాడు. అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని తిన్న కూడు అది. ఏసు పరలోకరాజ్యాన్ని విందుతో పోల్చాడు. ఆ విందు ఎట్లా ఉంటుందని పిల్లలు అడిగితే పల్నాటి వాడు చాపకూడునే చూపించాలి.

మరి మన సంఘాలు ఏం చేస్తున్నాయి? రెడ్డి క్రైస్తవులు, కమ్మ క్రైస్తవులు, మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు! ఒకే పరలోకానికి పోయేవాళ్లు ఒకే స్మశానంలో పక్కపక్కన పడుకోలేరా? పరలోకంలో కూడా పల్లె వేరు, ఊరు వేరు అని నమ్ముతున్నారా?

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని నరికారు. వాళ్లు పరలోకం పోయారులే అని జనం ఇంటికి పోలేదు. శవాల్ని పాతిపెట్టిన చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టి కొట్లాడారు. ప్రత్యేక కోర్టును చుండూరుకే రప్పించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. దేవుడి తీర్పు ఉందని నమ్మేవాడికి ఇట్లాంటి తీర్పు మీద కోపం ఇంకా ఎక్కువ రావాలి.

సర్కారు సంగతీ చూడండి. 1950 ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుణ్ణి బయటే ఉంచారు. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. నమ్మకం మారితే కులం పోయిందని కాగితం అంటుంది. పల్లె ఊరికి అవతలే ఉంటుంది.

క్రైస్తవులైన అంటరానివాళ్లు సామాజిక అన్యాయం మీద ఉద్యమం చేయలేదని అంబేద్కర్ ఏనాడో విమర్శించారు. ఆ మాటకు మనం పనితోనే జవాబు చెప్పాలి. బోధకులారా, ధనవంతుడు–లాజరు కథ చెప్పేటప్పుడు లాజరు ఓర్పు గురించే కాదు, గుమ్మం ముందు ఆకలిని చూడని ధనవంతుడి గురించి కూడా చెప్పండి. తమ్ముళ్లూ, నాయనమ్మల నమ్మకాన్ని వెక్కిరించకండి. బానిసను కానని వాళ్లకు మొదట చెప్పింది ఆ నమ్మకమే.

ప్రతి పల్లెలో ఈ నెలలోనే సంఘం కూర్చోవాలి. స్మశానానికి ఎంత భూమి ఉంది, ఎవరు ఆక్రమించారు, శవాన్ని మోసుకుపోను దారి ఉందా లేదా రాసుకోవాలి. మాల, మాదిగ సంతకాలు ఒకే కాగితం మీద పెట్టి తహసీల్దారు దగ్గరికి కలిసి పోవాలి. పరలోక ప్రార్థన చదివేవాళ్లు చేయాల్సిన మొదటి పని ఇదే.